నాలుగో జ్వరం

"ఎన్నిసార్లు తీసినా మళ్లీ మూస్తాండావే అత్తా, ఆ కిటికీ నీకేం అపకారం చేసింది?" పట్టుపురుగులింటి గడప బయట నిలబడి హేమావతి అడిగింది. పొద్దుటినుంచి ఇది మూడోసారి. కోడలు తీయడం, అత్త పుట్టమ్మ వెళ్లి మూయడం.

"చలిగాలి కొడితే పురుగు లేవదు. నాలుగో జ్వరంలో ఉండాది ఇప్పుడు. ఇన్నేండ్లు ఈ ఇంట్లో ఉండి నీకు నేను చెప్పాలనా?"

"పురుగుల సంగతి నాకూ తెలుసు. మామ ఆ దగ్గేంది? గాలి లేని ఇంట్లో రాత్రీ పగలూ దగ్గుతాండాడు. పక్కన పాపను కూచోబెట్టుకొని..."

"తట్టల్లో చల్లే సున్నం దగ్గమ్మా అది. పురుగుల మేపే ఇంట్లో దగ్గనివాళ్లు ఎవరుండారు? నీ మొగుడు దగ్గడా?"

బ్లీచింగు నీళ్లలో పాదాలు తడుపుకొని లోపలికి పోబోతున్న కొడుకు రవీంద్ర ఆగాడు. "మీరిద్దరూ ఇట్లా అరిస్తే పురుగు చలికి కాదు, మీ గొంతులకే చస్తాది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. హేమావతి కొంగు దోపుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. పుట్టమ్మ కిటికీ గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది.

పట్టుపురుగు ఆకు తినడం మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉండి, చర్మం విడిచి లేస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని జ్వరం అంటారు. గూడు కట్టేలోగా అలాంటివి నాలుగు. అందుకే ఆ ఇంట్లో జ్వరం అనే మాటకు ఎవరూ భయపడరు. దసరా ముందర మనవరాలు సహన సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడి, కంచం తోసేసి, "అవ్వా, నాకూ జ్వరమొచ్చింది. ఆకు పెట్టొద్దు, లేచినాక తింటా," అంటే అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది తాత చెన్నరాయప్ప. "ఎన్నోదే ఇది?" అని అడిగేవాడు. "రెండోది తాతా." ఇంకో పది రోజులకు మూడోది అంది. ఆ ఆట అలా సాగుతుండగానే ఆరో తరగతి పిల్ల యూనిఫాం భుజాల మీంచి జారిపోసాగింది. మెడ పక్కన రేగుపండంత గడ్డ లేచింది. అది చూసిన రోజు నుంచి ఎవరూ నవ్వలేదు.

నిన్న చింతామణి ఆసుపత్రిలో క్షయ అన్నారు. గడ్డలోనూ ఉంది, ఊపిరితిత్తుల్లోనూ ఉంది. డాక్టరమ్మ కన్నడంలో రెండే ప్రశ్నలు అడిగిందట. ఇంట్లో ఎవరికైనా చాలా రోజులుగా దగ్గు ఉందా? లేదన్నాడు రవీంద్ర. సున్నం దగ్గును అతను దగ్గు కింద లెక్కపెట్టలేదు. రెండోది, ఎవరైనా క్షయ మాత్రలు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారా? ఆపి ఉంటే దాచకుండా చెప్పాలి. అలాంటివాళ్ల నుంచి అంటుకుంటే మామూలు మాత్రలకు లొంగకపోవచ్చు. వేరే పరీక్ష చెయ్యాలి, వేరే మందు ఇవ్వాలి. తెలియకుండా మామూలు మందు ఇస్తూ పోతే పిల్ల చేతికి దక్కకపోవచ్చు. "మా ఇంట్లో అట్లాంటిదేమీ లేదు మేడం," అని చెప్పి వచ్చాడు. గడ్డలోంచి తీసిన నీరు పరీక్షకు పోయింది. మాత్రలు రేపు ఇస్తారు.

ఈ మాటలు కొడుకు నోట విన్నప్పటినుంచి పుట్టమ్మకు ఒక్క సంగతే గుర్తొస్తోంది.

పోయినేడు బాగేపల్లిలో మొగుడి చెల్లెలు అక్కయమ్మ ఇంటికి పెళ్లిపనికి వెళ్లినప్పుడు చెన్నరాయప్ప దగ్గులో నెత్తురు పడింది. అక్కడే చూపించారు. క్షయ అని తేలింది. ఊళ్లో తెలిస్తే కూలికి ఎవరూ గడప తొక్కరని చెల్లెలి ఇంటి చిరునామానే రాయించాడు. ఆరు నెలల మాత్రలు. రెండు నెలలు మింగాడు. నెత్తురు ఆగింది, ఆకలి పుట్టింది. కానీ ఆ మాత్రలకు మూత్రం ఎర్రగా పోయేది. ఎండలో మల్బరీ ఆకు కోసి వస్తే బనీను చంకల్లో నారింజరంగు మరకలు పడేవి.

ఆ మరకలు చూసి అతను హడలిపోయాడు. వెనకవీధి సీనప్ప ఎవరి తోటలోంచో పురుగుమందు కొట్టిన ఆకు తెచ్చి వేస్తే ఒక్క పూటలో తట్టల్లో పురుగులన్నీ నల్లబడి చావడం కళ్లారా చూసినవాడు. దోమలబత్తి వెలిగించనివ్వడు, బీడీ తాగినవాణ్ణి గడప దాటనివ్వడు. "ఈ చెమట ఆకుకు అంటితే పురుగు మిగలదే పుట్టీ," అని మాత్రలు నిలిపేశాడు. ఆ పంట బాగా వచ్చింది. దాంతో తను చేసిందే సరి అనుకున్నాడు. "మంచిగయినా గదా, ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు. ఆమె చెప్పలేదు. మిగిలిన మాత్రలు పాత చీర మడతలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టింది. ఆరోగ్య కార్యకర్త బాగేపల్లి ఇంటికి రెండుసార్లు వస్తే, అన్న బెంగళూరు పోయినాడని అక్కయమ్మ చెప్పి పంపింది.

పోయిన చలికాలంలో పురుగులింట్లో బొగ్గుల కుంపటి పెట్టారు. వెచ్చగా ఉంటుందని సహన పుస్తకాలు తెచ్చుకొని, పురుగులకు కాపలాగా అక్కడే పడుకునే తాత మంచం మీదే కూచొని చదువుకునేది.

మధ్యాహ్నం దాటాక ఆ చీర మడత కొంగు చాటున పెట్టుకొని పుట్టమ్మ పురుగులింట్లోకి వెళ్లింది. చెన్నరాయప్ప తట్ట మీద వంగి ఉన్నాడు. మిగతా పురుగులన్నీ తలలెత్తి నిలిచిపోయి ఉంటే, ఒకటి మాత్రం ఒళ్లు ఉబ్బి, పసుపుపచ్చగా మెరుస్తూ తట్ట అంచు వెంట తిరుగుతోంది. పాలరోగం తగిలిన పురుగు. అది చిట్లితే తట్టంతా పోతుంది. వెదురు పుల్లలతో దాన్ని మెల్లగా పట్టి సున్నం డబ్బాలో వేశాడు.

"దాన్ని చూస్తూనే తీసేసినావు," అంది పుట్టమ్మ.

"తియ్యకపోతే ఎట్లా?"

ఆమె చీర మడత విప్పి మాత్రల అట్టలు మంచం మీద పెట్టింది. అతను వాటిని చూసి, తలుపు వైపు చూశాడు.

"రేపు పాపకు మాత్రలు మొదలుపెడతారంట. నీ సంగతి తెలిస్తే వేరే మందంట. విన్నావు గదా నిన్న."

"విన్నా." దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక అన్నాడు: "చెప్తే కోడలు ఏమంటాదో తెలుసునా నీకు? పాపను నేనే ఇట్లా చేసినానంటాది."

"అంటాది. పడాల. నన్నూ అంటాది, నేనూ పడతా."

"పుట్టీ..."

"రాత్రి సంగటి తినే పొద్దుకు నువ్వు చెప్తే నువ్వు చెప్పు. లేదంటే నేను చెప్తా." పెళ్లయిన నలభై రెండేళ్లలో అతనితో ఆమె అలా మాట్లాడడం అదే మొదలు. అట్టలు అక్కడే వదిలేసి బయటికి వచ్చింది. కిటికీ దాకా వెళ్లి, తీయాలా మూయాలా తెలియక నిలబడింది. చివరికి తీసింది.

దీపాలు పెట్టే వేళకు అందరూ కూచున్నారు. హేమావతి రాగిసంగటి ముద్దలు వడ్డిస్తోంది. సహన ముద్దను వేలితో గుచ్చుతూ కూచుంది. చెన్నరాయప్ప రోజూ కూచునే చోటికి రాలేదు. పంచలో, గాలి తగిలే మూల కూచొని, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కడెందుకు మామా, చలి," అంది హేమావతి.

"ఉండనీమ్మా." అట్టలు ముందు పెట్టాడు. "పోయినేడు బాగేపల్లిలో నాకు క్షయ అన్నారు. రెండు నెలలు మింగి నిలిపేసినా. చెమట ఆకుకు అంటితే పురుగు పోతాదని."

హేమావతి చేతిలోని ముద్ద గిన్నెలోకే జారిపోయింది. ఆమె మామను చూడలేదు. అత్తను చూసింది. పుట్టమ్మ తల దించుకోలేదు, ఆ చూపును ఓర్చుకుంది.

"నాయినా," అన్నాడు రవీంద్ర. "నిన్న డాక్టరమ్మకు ఏమీ లేదని చెప్పొచ్చినా గదా నేను."

"రేపు నేనొచ్చి చెప్తా." చెన్నరాయప్ప గొంతు పెంచలేదు. "పురుగుల్ని ఇప్పుడే సీనప్ప ఇంటికి మోయండి."

"జ్వరంలో ఉండే పురుగును కదిలించకూడదంటివి గదా తాతా?" అంది సహన.

అతను ఆమె వైపు తిరగలేదు. "బతికేవి బతుకుతాయిలే. పురుగులింట్లో ఇంక నేనొకణ్ణే పడుకుంటా. కిటికీలు మూయొద్దు. పాప ఆ గడప తొక్కకూడదు. పొద్దున మీరు ముగ్గురూ బస్సులో పొండి. నేను సీనప్ప టెంపోలో వెనక గాలికి కూచొని వస్తా."