రిలేకు దిద్దిన గంధము

వర్షధారాధౌతమై నిర్మలమైన శరదంబరమున ధవళమేఘఖండములు మందమందముగ సంచరించుచుండ ఉప్పాడ సముద్రతీరమున విజయదశమీ మధ్యాహ్నము చేమంతుల పరిమళముతోను ఉప్పుగాలితోను నిండియుండెను.

ఆ తీరమున రొయ్యపిల్లల హేచరీ నడుపు కుసుమాంబ యను ధీరవనిత తొట్లలోని సూదిమొనలవంటి లక్షలాది పిల్లలకు నిరంతరము గాలి కొట్టు బ్లోయరునకై లైను కరెంటు పోయిన క్షణముననే భారమునంతయు బ్యాటరీలమీదికి మార్చు రిలేపెట్టె నొకదానిని స్వహస్తములతో నిర్మించుకొనియుండెను. ఆ పిల్లలే ఆ కుటుంబమునకు ఆ యేటి జీవనాధారము.

ఆయుధపూజ ముగిసి హారతిపళ్లెమింకను చల్లారకమునుపే కరెంటు పోయెను. రిలే టక్కుమని మాఱెను గాని బ్లోయరు కదలలేదు. తొట్లలో బుడగలు సన్నగిల్లి నిలిచిపోయెను. కుసుమాంబ పరుగున వచ్చి పెట్టెలోనికి చూడగా బ్యాటరీవైపు కరెంటును దాటించు వెండిబిళ్లమీద ఎండిన మంచిగంధమును దానిపై కుంకుమబొట్టును కానవచ్చెను. తూకపుయంత్రమును సైతము వదలక బొట్లు దిద్దిన అత్త మంగతాయారమ్మ దీనికిని భక్తితో దిద్దియుండెను. ఆ గంధపుపొరయే కరెంటు నడ్డగించుచుండెను.

"ఆ బిళ్లని నొక్కెయ్యవే అమ్మాయ్! గట్టిగా నొక్కిపట్టు! పిల్లలు చచ్చిపోతున్నాయే!" అని అత్త వాపోయెను.

"నొక్కితే ఇంత కరెంటుకి నిప్పులు రేగి బిళ్లలు అతుక్కుపోతాయండి. మళ్లీ లైను కరెంటొస్తే రెండూ కలిసిపోయి బ్యాటరీలు పేలతాయి. ఆగండి!"

ఇట్లని కుసుమాంబ బ్యాటరీతీగను విప్పి గంధమును గీకి బిళ్లను తుడిచి మరల తీగను బిగించెను. అంతసేపును అత్త తొట్టి యంచు పట్టుకొని ఏడ్చుచునే యుండెను. తుదకు బ్లోయరు హోరుమని లేచెను. తొట్లన్నిటను బుడగలు పొంగెను గాని మూలనున్న తొట్టిలో మాత్రము పిల్లలు కదలలేదు.

భయము తీరగనే కుసుమాంబకు కోపము పెల్లుబికెను.

"లోపలి బిళ్లకి బొట్టేంటండి అత్తయ్యగారూ! మూత మీద పెట్టొచ్చుగా!"

మంగతాయారమ్మ కన్నులొత్తుకొనెను. "మూతెక్కడుందే? వచ్చినవాళ్లందరికీ నీ పనితనం చూపించాలని పొద్దున్న నువ్వే తీసి పక్కన పెట్టావు. మన పిల్లలకి ఊపిరి ఇదేనన్నావని ముందు దానికే పెట్టాను."

మూలతొట్టిలోని పిల్లలను చంపినది అత్త భక్తి కాదనియు తన యతిశయమే యనియు కుసుమాంబకు తెలిసి సిగ్గుచే తల వంగెను. ఆమె మూతను తెచ్చి మరలు బిగించి కుంకుమభరిణెను అత్తచేతి కందిచ్చెను.