ఆశాజ్యోతి ప్రార్థన అంశం

"తొమ్మిదిన్నరకి మీటింగని తెలుసు కదమ్మా. ఆ మిక్సీ కాసేపు ఆపితే ఏం పోతుంది?"

"ఆపితే మీ నాన్న ఇడ్లీ దేంతో తింటారు? పైకెళ్లి చేసుకోవచ్చుగా నీ మీటింగు."

"పైన నెట్ రాదని ఐదేళ్లుగా చెబుతూనే ఉన్నాను."

వీరమ్మ మూత మీద అరచెయ్యి అదిమి కొబ్బరి పచ్చడిని ఇంకోసారి తిప్పింది. ఆశాజ్యోతి హెడ్‌సెట్ మెడలోకి లాక్కుంది.

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో రిటైరైన తండ్రి అబ్రహాము పేపరు మడిచాడు. "విశాఖపట్నం సీటుకి ఈ సాయంత్రం ఐదులోగా చెప్పాలన్నారు కదా. వద్దని రాసేయమ్మా. ఎంబీఏ ఆన్‌లైన్‌లోనూ ఉందిట. ఉద్యోగమూ ఉంటుంది, ఇంట్లోనూ ఉంటావు."

"ముప్ఫై రెండేళ్లకి క్లాసులోకెళ్తే నిన్నే మేడమనుకుని లేచి నిలబడతారే అక్కా," అన్నాడు టీచరు ఉద్యోగం చేసే తమ్ముడు ఫిన్నీ, బడికి వెళ్లడానికి బూట్లు తొడుక్కుంటూ.

ఆమె కూడా నవ్వింది. మేనేజర్ అవ్వాలనే చదువుతానంటోందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆమే అలా చెప్పింది. అసలు సంగతి చెబితే వినేవాళ్లకి అదొక కారణంలా ఉండదు.

హైదరాబాదు కంపెనీ సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టడం ఆమె పని. కరోనాలో ఈ భోజనాల బల్ల మూలన కూర్చుంది, ఇంకా లేవలేదు. అంచుకి ఒరుసుకుని ఎడమ మోచెయ్యి నల్లగా కాయ కాసింది. హెడ్‌సెట్ ఆనేచోట జుట్టు అణిగిపోయి, తలంటుకున్నా లేవడం లేదు. టీములో వాళ్లంతా ఆమెకి గొంతులే.

ఆ రోజు టీములోని మురళీకృష్ణ గారికి కంపెనీలో ఆఖరి రోజు. రోజూ అందరికంటే ముందు "గుడ్ మాణింగండీ" అనేది ఆయనే. మొదటిసారి కెమెరా పెట్టాడు. ఇన్నాళ్లూ గొంతు విని కుర్రాడనుకుంది. తల ముగ్గుబుట్టలా ఉంది.

"ఆశాజ్యోతి గారూ, భీమవరం వస్తే మీ ఇంటికే వస్తానండి. రొయ్యల వేపుడు పెట్టాలి మరి."

వాళ్లది ధవళేశ్వరం; భీమవరమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఐదేళ్లూ ఆయన ఆమె అక్కడ ఉందనుకునే మాట్లాడాడు. కాదండి అనబోయింది. అప్పటికే ఇంకెవరో మాట్లాడుతున్నారు.

"తప్పకుండా రండి," అంది.

మధ్యాహ్నానికి ఆయన పేరు టీము జాబితాలోంచి పోయింది. ఆమె కంప్యూటరు పక్కనే కంచం పెట్టుకుని తింది. ఐదుకి పది నిమిషాలుండగా కాలేజీ పేజీ తెరిచి, జవాబు నొక్కి, మళ్లీ పనిలో పడింది.

ఏడింటికి కుటుంబ ప్రార్థన. ఒక్కొక్కరూ ఒక్కో ప్రార్థన అంశం చెప్పాలి. వీరమ్మ మోకాళ్ల నొప్పులంది. అబ్రహాము ఫిన్నీ పెళ్లన్నాడు. ఫిన్నీ తన క్లాసు పిల్లల పరీక్షలన్నాడు.

"జ్యోతికి ఆఫీసు పని," అని వీరమ్మే అనేసి, కొంగు తలమీదికి లాక్కుంది. రోజూ ఉన్నదే.

"కాదమ్మా," అంది ఆశాజ్యోతి. "విశాఖపట్నం సీటుకి సరేనని రాశాను. జూన్‌లో వెళ్తున్నాను. క్లాసులో నా పక్కన ఎవరు కూర్చుంటారో, వాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి."

అబ్రహాము కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకోకుండానే కళ్లు మూసుకున్నాడు.

బల్ల మూలన, కడిగి బోర్లించిన మిక్సీ జారు పక్కన, హెడ్‌సెట్ ఉంది. దాని మెత్తకి ఆమె వెంట్రుక ఒకటి అంటుకుని, ఫ్యాను గాలికి కదులుతోంది.