అన్నం కలపని తెడ్డు

నేను ఒక తెడ్డును. మూడడుగుల పొడవు, నున్నని పిడి. చూడటానికి చక్కగానే ఉంటాను. కానీ ఇంతవరకూ ఒక్క మెతుకు కలపలేదు.

నాది ముషిణి కర్ర. గింజలో విషం, చెక్కలో చేదు ఉండే చెట్టు అది. బెరడు ఊడి, ఎండి, ఏ చెట్టుదో ఎవరూ పోల్చలేని దుంగగా కనకాచారి ఇంటికి చేరాను. అతను వరాహ నది పక్క ఊళ్లో గరిటెలు, పప్పుగుత్తులు చేసే వడ్రంగి. చింత, అంకుడు తప్ప మరో కర్ర ముట్టేవాడు కాదు. నిలబడి ఉన్న చెట్టును చూసొచ్చి మరీ కొమ్మ కొనేవాడు. ఆ ఏడు అనుకున్న చింతకొమ్మ రాలేదు. నా బరువూ, చెక్కలోని సన్నని గీతలూ చూసి ముచ్చటపడ్డాడు. వడ్రంగులూ అందానికి లొంగుతారు.

అతనికొక అలవాటు ఉంది. వస్తువు చేతికిచ్చే ముందు ఆ కర్ర పేళ్లు నాలుగు గంజిలో వేసి మరిగించి, కొనేవాళ్ల ఎదుటే తాగేవాడు. రుచి మారితే ఆ వస్తువు గుమ్మం దాటదు. ఊరు నమ్మింది ఆ నాలుకనే.

రెండేళ్ల కిందట వచ్చిన జ్వరంతో ఆ నాలుకకు రుచి పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఏది పెట్టినా "బాగుంది" అని తినేవాడు. పెద్దతనంలో మొగుడికి మంచితనం వచ్చిందని భార్య నూకరత్నం సంతోషించింది కూడా.

నన్ను చేయించుకున్నది బడిలో తొంభై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే ఎర్రయ్యమ్మ.

"ఆచారిబాబూ, తెడ్డు అయిందా? లేపోతే సాంబారు సేత్తో కలపమంతారా?"

"అయిందమ్మా. నీ నోటికన్నా గట్టిగా వచ్చింది, ఇరగదు."

రెండు గుక్కల గంజి తాగి, "మంచి కర్ర" అన్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఎర్రయ్యమ్మ నన్ను భుజాన వేసుకుని బయల్దేరింది.

మిగిలిన గంజి పారబొయ్యడం ఇష్టం లేక నూకరత్నం నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఏటండీ ఇది, ఇంత సేదు! మీరెలా తాగీసినారు?"

ఆమె అతని ముఖం చూసింది. రెండేళ్లుగా విన్న "బాగుంది"లన్నీ ఆమెకు అప్పుడు అర్థమయ్యాయి.

సాంబారు పులుపులో నా చేదు కలిసిపోయి, ఎవరూ కనిపెట్టకపోవచ్చు. పిలిచి చెబితే మాత్రం నలభై ఏళ్ల పేరు పోతుంది. కనకాచారి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఎర్రయ్యమ్మా, ఆగు! అది గిన్నెలో పెట్టకు. కర్ర సేదు. నా నాలిక్కి రుచి తెలీదు. రెండేళ్లయింది."

ఆమె నన్ను నేలమీద పెట్టింది.

"మరి ఈ రెండేళ్లూ ఊరికిచ్చినవి? మా కోడలు పట్టుకెళ్లిన పప్పుగుత్తి?"

ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు మొగుడూ పెళ్లాలు ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి వస్తువునూ గంజిలో మరిగించి నూకరత్నం రుచి చూసింది. అన్నీ చింతవీ, అంకుడువీ, అన్నీ మంచివే. అయినా కొందరు అతని కళ్ల ముందే గరిటెలు పొయ్యిలో పెట్టారు. అతను వద్దనలేదు.

నన్ను కాల్చడానికి మాత్రం భయపడ్డాడు, పొగ ఎవరికేం చేస్తుందోనని. వంటకు పనికిరాదని గుర్తుగా పిడికి ఎర్రరంగు పూసి సున్నం తొట్టిలో వేశాడు. ఇప్పుడు నా పని సున్నం కలపడం.

సోమవారం ఎర్రయ్యమ్మ మళ్లీ వచ్చింది. చింతకర్ర తెడ్డు సిద్ధంగా ఉంది. నూకరత్నం గంజి తాగి తలూపింది.

"నాకూ పొయ్యమ్మా," అని ఎర్రయ్యమ్మ చెయ్యి చాపింది. "తినేది నా పిల్లలు."

తాగి, మూతి తుడుచుకుని, గిన్నె నింపి కనకాచారి ముందు పెట్టింది.

"నాకెందుకమ్మా? నాకు తెలీదు కదా."

"తాగండి, ఆచారిబాబూ."

అతను గిన్నెను రెండు చేతులా అందుకున్నాడు. అతనికేమీ తెలియదని ముగ్గురికీ తెలుసు. అయినా ఖాళీ అయ్యేదాకా దించలేదు.