పరిగె చేలో బాతులు

జక్కయ్య బెజవాడ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అంతకు ముందు కూర్చునేవాడా అంటే అదీ లేదు గానీ, ఇప్పుడు మరీ అన్నం కూడా నడుస్తూనే తింటున్నాడు. అతని వెనక తిరిగీ తిరిగీ పేటలో కుక్కకు కాళ్ళు అరిగి పొట్టిదైపోయిందని చెప్పుకుంటారు. ఆ కుక్కని చూసినవాళ్ళెవరూ కాదనలేదు.

సంగతేమిటంటే, చల్లపల్లి పక్కన వాళ్ళ పేట నుంచి ఒకరిని రాజకీయ తరగతులకు పంపమని కూలీ సంఘం వాళ్ళు కబురెట్టారు. నోరున్నవాడని జక్కయ్యను పంపారు. బెజవాడ వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను మీద మేడగది అది. పైన మాస్టారు 'పెట్టుబడి' అన్నప్పుడల్లా కింద ఎవడో బస్తా దొర్లించేవాడు, గదంతా తుమ్మేది. ఒక తుమ్ముకు కిటికీ రెక్క ఊడి కృష్ణలో పడిందని జక్కయ్య ప్రమాణం చేసి మరీ చెబుతాడు. అన్ని తుమ్ముల మధ్యా ఒక్క మాట మాత్రం అతని బుర్రలో మేకులా దిగింది. "ఎక్కడికెళ్ళినా రెండు ప్రశ్నలు వేసుకోండి. పనిముట్టు ఎవరిది? చెమట ఎవరిది? రెండూ ఒకరివే కాకపోతే అక్కడ దోపిడీ ఉన్నట్టే."

ఇంటికొచ్చి మొదట కోళ్ళమీద పడ్డాడు.

"ఈ పుంజుని చూడవే రూతూ! గుడ్డు పెట్టదు, గింజకి ముందుంటది, తెల్లారకుండానే పెత్తనం. అచ్చం భూస్వామి."

"నీళ్ళు మోసేది నేను, పుల్లలేరుకొచ్చేది నేను, తిని తేన్చేది నువ్వు," అంది పెళ్ళాం రూతు. "మరి నువ్వు ఏ వర్గమయ్యా?"

జక్కయ్యకు అర్జంటుగా బయట పని గుర్తొచ్చింది.

రూతుకు వాదాలకు తీరిక లేదు. కోతలైపోయాయి. రెండో పంట దాళ్వాకి నాట్లు పడేదాకా పేటలో ఎవరికీ కూలి ఉండదు. ఆ మధ్య రోజుల్లో పొయ్యి మీదకెక్కేది పరిగె గింజే. బసవయ్యగారి చేలో పనలు మోసేశాక రాలిపడ్డ వెన్నులు ఏరుకోవడం పేట ఆడవాళ్ళకు తాతల నాటి నుంచీ ఉన్నదే. ఒకరిచ్చిందీ కాదు, ఒకరు కాదన్నదీ కాదు. కాకపోతే చేలోకి కాలవ నీళ్ళు వదిలేలోపు ఏరేసుకోవాలి. ఆ వేళ పొద్దున్నే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని గట్టెక్కేసరికి కాలవలో నీళ్ళు కనబడలేదు. అన్నీ బాతులే. వాటి వీపుల మీద అడుగులేసుకుంటూ అవతలి గట్టుకు పోవచ్చు. ముసలి సంపూర్ణమ్మ వెళ్ళొచ్చిందట కూడా, కాలు తడవకుండా.

బసవయ్య మోటారు సైకిలు మీద కూర్చునే చెప్పాడు. ఆయనకి ఒక కాలు పొలంలో, ఒక కాలు బియ్యం మిల్లులో. "ఈ ఏడు పరిగె లేదమ్మా. చేను బాతుల మేతకి బేరమిచ్చేశాను."

"రాలిన గింజకి బేరమేంటి అయ్యగారూ?" అంది సంపూర్ణమ్మ.

"చేను నాదైతే రాలింది మాత్రం నాది కాదా? రేపు నీళ్ళు వదులుతున్నాను. రోజులు మారినయ్యి, పోండి." గట్టు మీదున్న బాతులవాడి వైపు తిరిగి, "మధ్యాహ్నం నేనొచ్చేసరికి ఇవి చేలో ఉండాలి," అని దుమ్ము లేపుకుంటూ పోయాడు.

రూతు ఖాళీ గంప వంక చూసుకుంది. అంతే, ఆడవాళ్ళ వెనకే వచ్చిన జక్కయ్య బాతులవాడి మీదకి ఉరికాడు.

"ఒరే పెట్టుబడిదారుడా!"

ఆ బాతులవాడి పేరు హనుమయ్య. చేతిలో పొడుగాటి వెదురు గడ, ఒంటి మీద చినిగిన బనీను. వెనక ఎవరో షావుకారు వచ్చాడనుకుని తిరిగి చూశాడు.

"నిన్నేరా! ఇన్నేసి బాతులున్నోడివి, మా ఆడాళ్ళ గింజలకి ఎగబడతావా?"

"ఓర్నాయనో! అన్నా, ఇందులో ఒక్క ఈక కూడా నాది కాదు. వన్ టౌన్‌లో గుడ్ల షావుకారువి. ఈ గడ కూడా ఆయనదే. నాదల్లా గొంతొక్కటే. నా కూత వింటేనే కదుల్తాయి. ఇయ్యాళ మేపకపోతే రేపు గుడ్డు తగ్గుద్ది, నా జీతం తెగుద్ది. నేనేం చెయ్యను చెప్పు?"

జక్కయ్య గట్టు మీద అటు నడిచాడు, ఇటు నడిచాడు. పనిముట్టు షావుకారుది. చెమట వీడిది. అంటే వీడు మనవాడే. మరి మనవాడొచ్చి మన గింజ మీద పడితే ఎవర్ని తిట్టాలి? మేడగదిలో ఈ ముక్క చెప్పేటప్పుడు తను తుమ్ముతూ ఉన్నాడేమో. నడిచిన చోట గట్టు జానెడు కుంగింది.

"తమ్ముడూ," అంది రూతు, "ఇయ్యి వెన్నుకి వెన్ను మింగుతాయా?"

"విడి గింజ దొరికితే వెన్ను జోలికి పోవక్కా. మట్లో రాలిందే ఇష్టం."

"అట్టయితే ముందు మేం ఏరుకుంటాం. వెనక వాటిని తోలు."

"మధ్యాహ్నానికి చేలో ఉండాలన్నాడుగా ఆయన!"

జక్కయ్య ఠక్కున ఆగాడు. "కూలోడు చెయ్యి దించితే మిల్లు ఆగుద్దని మా మాస్టారు చెప్పాడు. నీకు చెయ్యి కాదురా, గొంతు. పొద్దు వాలేదాకా దాన్ని దించు."

హనుమయ్య బాతుల వంక చూశాడు, ఆడవాళ్ళ గంపల వంక చూశాడు. చివరికి తలగుడ్డ విప్పి గొంతుకి చుట్టుకుని గట్టు మీద చతికిలబడ్డాడు. "జలుబు చేసింది," అన్నాడు నీరసంగా.

ఆడవాళ్ళు చేలోకి దిగారు.

బసవయ్య వచ్చేసరికి చేలో వంగిన నడుములే కనిపించాయి. "బాతులేయిరా?" అని అరిచాడు. హనుమయ్య గొంతు చూపించాడు.

"నువ్వు కుయ్యకపోతే నేను కుయ్యలేననుకున్నావా?" బసవయ్య కాలవ దగ్గరికెళ్ళి కూశాడు. కాలవలో ఉన్న బాతులన్నీ ఒక్కసారి తల ఎత్తి చూశాయి. కాస్త ఆలోచించాయి. తర్వాత అన్నీ కలిసి తోకలు చూపించాయి. ఆయన ఇంకో అడుగు దిగాడు. బురద మోకాళ్ళదాకా మింగింది. జక్కయ్యే పరిగెత్తుకెళ్ళి చెయ్యిచ్చి లాగాడు. లాగుతూ కూడా నోరు ఊరుకోలేదు. "చెమట నాది, బురద మీది, అయ్యగారూ!"

"నీ షావుకారుకి రేపే కబురెడతానురా, చూస్కో!" అన్నాడు బసవయ్య హనుమయ్యతో. ఒక చెప్పు బురదకొదిలేసి పోయాడు.

పొద్దు వాలింది. గంపలు నిండాయి. హనుమయ్య గొంతు గుడ్డ విప్పి ఒక్క కూత కూశాడు. బాతులు వరదలా చేలో పడ్డాయి. ఆడవాళ్ళంతా తలా గుప్పెడు వెన్నులు అతని తలగుడ్డలో పోశారు. మూట పట్టుకుని కూడా అతను నవ్వలేదు.

"నా కొలువు పోతే, అన్నా?"

జక్కయ్య మళ్ళీ నడవడం మొదలెట్టాడు. గట్టు చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

"వన్ టౌన్ దారి నాకు తెలుసు. కబురు కంటే ముందే పోదాం. నీతో నేనొస్తా."

"ఒక్కడివే పోయి నోరు పారేసుకుంటావా?" అంది రూతు. "ఇయ్యాళ ఈ తమ్ముడు గొంతు దించబట్టే మా గంపలు నిండినయ్యి. మేమూ వస్తాం."

"బాతుల్ని వదిలేసి ఎట్టా రాను?" అన్నాడు హనుమయ్య.

"వాటినీ రమ్మను," అన్నాడు జక్కయ్య. "గుడ్డు పెట్టేయి అయ్యి, తినేది ఇంకోడు. అయ్యీ మన లెక్కే."

తెల్లారాక కాలవ గట్టున ఉన్న ఊళ్ళవాళ్ళు ఆ వింత చూశారు. ముందు జక్కయ్య, పక్కన గొంతుకి గుడ్డ లేని హనుమయ్య, వెనక ఆడవాళ్ళు, కాలవ నిండా బాతులు, అన్నీ బెజవాడ ముఖంగానే.

"కూర్చుని తిని పోదామయ్యా," అని రూతు అన్నం మూట చాపింది.

"ఇటివ్వు," అన్నాడు జక్కయ్య. "నడుస్తూ తింటాలే."