మనవాళ్ళు లేని ఊరు

నేను ఒక దారిపటాన్ని. పూర్తిగా విప్పితే భోజనాల బల్లంత ఉంటాను, మడిస్తే కారు డాష్‌బోర్డు అరలో పడతాను. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో హైదరాబాదులో ఒక ప్రెస్సులో అచ్చయ్యాను. తరవాత రాష్ట్రం రెండయిందని కారు రేడియోలో విన్నాను. నా మీద మాత్రం ఎవరూ గీత గీయలేదు.

జాతీయ రహదారులకు ఎరుపు, రాష్ట్ర రహదారులకు పసుపు, మిగతా దారులకు సన్నని నలుపు వేశారు. అడవులకు లేత ఆకుపచ్చ. రంగులు ఆరాక బల్లల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నన్ను మడతపెట్టారు. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, నా వంక చూడకుండానే మడిచారు. ఆ మడత మళ్ళీ ఎవరికీ కుదరలేదు. నన్ను విప్పిన ప్రతివాళ్ళూ తిరిగి మడవబోయి, రెండుసార్లు ప్రయత్నించి, చివరికి అరచేత్తో అణిచి వదిలేశారు.

విజయవాడ బస్టాండులోని పుస్తకాల కొట్లో నన్ను కొన్నవాడు నాగలింగం. మందుల కంపెనీ ప్రతినిధి. అతనికి దారులన్నీ కంఠతా వచ్చు. అందుకని దారి కోసం నన్ను ఎన్నడూ విప్పి చూడలేదు. విసురుకోవడానికీ, దోమల్ని కొట్టడానికీ, కారు సీటు మీద పరిచి పెసరట్టు పొట్లం విప్పడానికీ వాడుకున్నాడు. కర్నూలు జిల్లా మీద నూనె మరక అప్పటిదే. కొన్నాళ్ళకు అతను కొత్త కారు కొనుక్కుని పాతది అమ్మేశాడు. పాత కారుతో పాటు స్టెప్నీ, జాకీ, నేనూ కాకినాడ చేరాం.

కారు కొన్న పేర్రాజు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు. భార్య హైమవతి, కూతురు లహరి. పేర్రాజు నెమ్మదైన మనిషి. కారును ఎవరికీ తగిలించకుండా నడుపుతాడు, ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడతాడు. ఆయన నోట ఎక్కువసార్లు వినిపించే మాట ‘బాగోదు’. ఒక ఊరి మీదుగా వెళ్తూ, ఆ ఊళ్ళో చుట్టాలుండి, వాళ్ళింటికి వెళ్ళకపోతే బాగోదు. వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేస్తే బాగోదు. ఒకరింట్లో భోంచేసి, పక్కవీధిలో ఉన్నవాళ్ళని పలకరించకపోతే అసలే బాగోదు.

సెలవులకని ఒకసారి విశాఖపట్నం బయల్దేరారు. తునిలో పెద్దమామయ్యగారింట్లో టిఫిను, అనకాపల్లిలో తోడల్లుడిగారింట్లో భోజనం, గాజువాకలో మేనత్త కూతురింట్లో పడక. మర్నాడు ఆ చుట్టుపక్కల మిగిలిన ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ హైమవతికి బొట్టు పెట్టి, అరటిపళ్ళూ జాకెట్టు ముక్కా చేతిలో పెట్టారు. ఆవిడ వాటిని తెచ్చి డాష్‌బోర్డు అరలో నా మీద పేర్చింది. సముద్రాన్ని తిరుగు ప్రయాణంలో, కారు దిగకుండా చూశారు. మంగినపూడి బీచికని బయల్దేరినప్పుడు కూడా ఇలాగే జరిగింది. అప్పుడైతే బీచి దాకా వెళ్ళనేలేదు.

మనుషులు ప్రయాణం అనేదానికీ, నేను ప్రయాణం అనుకునేదానికీ తేడా ఉంది. నాలో రెండు ఊళ్ళ మధ్య గీత ఉంటుంది. వాళ్ళకి గీత లేదు, ఊళ్ళే ఉన్నాయి.

తరవాత పేర్రాజు తల్లి మంచాన పడింది. కారు చాలాకాలం ఆస్పత్రికీ ఇంటికీ మధ్యే తిరిగింది. పెద్దావిడకి పగలూ రాత్రీ తేడా తెలియకుండా పోయింది. ఆవిడ దగ్గర ఉండే హైమవతికీ అంతే అయింది. ముందు సీట్లో కూర్చున్న హైమవతి మాట మధ్యలో నిద్రపోయేది. కారు ఆగితే ఉలిక్కిపడి, "పిలిచారా అత్తయ్యగారూ" అనేది. పెద్దావిడ పోయినప్పుడు చుట్టాలంతా వచ్చారు. కార్యాలన్నీ అయ్యేదాకా ఉన్నారు. వాళ్ళకి వండి వడ్డించింది కూడా హైమవతే. పేర్రాజు మాత్రం అంతమంది వచ్చినందుకు కరిగిపోయాడు.

సంవత్సరీకం అయిన మరుసటి నెలలో వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయి. పెళ్ళిరోజు ఆదివారం వచ్చింది. ముందు రోజు రెండో శనివారం, తరవాత రోజు సోమవారం ఏదో సెలవు. హాలు మాట్లాడి అందరినీ పిలుద్దామన్నాడు పేర్రాజు. హైమవతి వద్దంది. ఆ వారం కూరగాయలకి వెళ్ళినప్పుడు కారులో లహరితో అసలు మాట చెప్పింది.

"నాకేం వద్దే. ఎప్పుడొచ్చావు, ఎలా ఉన్నావు అని ఎవరూ అడగని చోట మూడు రోజులు పడుకోవాలి. అంతే."

లహరి ఆ మాట తండ్రికి చేరవేసింది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. భార్య అడిగినది కాదనే అలవాటు ఆయనకి లేదు, అడిగినదానికి రెండు ఇళ్ళు కలిపే అలవాటు ఉంది.

ఆ సాయంత్రం బల్ల ముందు కూర్చుని లహరి ఫోనులో చోట్లు చూపించిందట. అరకు బాగుంటుందంటే, దారిలో అనకాపల్లి ఉంది కదా అన్నాడు. దిండి అంటే, అమలాపురంలో హైమవతి పిన్నిగారిని చూసి చాలా కాలమైందన్నాడు. సూర్యలంక అంటే దారి పొడుగునా ఉన్నవాళ్ళ పేర్లన్నీ సంతోషంగా చదివాడు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న హైమవతి అంతా విని, ఫోనులో మనవాళ్ళు కనబడరు, కారులో పటం ఉండాలి తీసుకురమ్మని లహరిని పంపింది.

నన్ను బల్ల మీద పరిచారు. నేను అచ్చయిన తరవాత పూర్తిగా, నాలుగు మూలలా విప్పబడటం అదే మొదలు. హైమవతి గింజల గిన్నె నా పక్కన పెట్టుకుంది.

"మీవాళ్ళూ మావాళ్ళూ ఉన్న ప్రతి ఊరి మీదా ఒక గింజ పెట్టండి" అంది.

"ఇప్పుడిదెందుకు?"

"పెట్టండి, చెప్తాను."

పేర్రాజు కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. మొదట మొహమాటంగా పెట్టినా, కాసేపటికి ఆయనకి హుషారొచ్చింది. పిఠాపురానికి ఒక గింజ చాలదని రెండు పెట్టాడు. తణుకులో తన పెదనాన్న మనవరాలు ఉన్న సంగతి హైమవతి మరిచిపోతే ఆయనే గుర్తుచేసి పెట్టాడు. భీమవరం మీద పెట్టిన గింజ జారి ఆకివీడు మీద పడితే, దాన్ని తియ్యకుండా, అక్కడా ఉన్నారులే అన్నాడు. గోదావరికి అటూ ఇటూ, సముద్రం ఒడ్డున, కాలవల వెంట, రైలు కట్ట పొడుగునా గింజలే. ఆయన వెనక్కి వాలి తన వంశాన్ని తృప్తిగా చూసుకున్నాడు.

"ఇక్కడ ఎవరున్నారు?" అని హైమవతి పైనున్న ఆకుపచ్చ మీద వేలు పెట్టింది. కొండలు, సన్నని గీత, మారేడుమిల్లి.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఇంటిపేర్లు గొణుక్కున్నాడు. "ఎవరూ లేరు" అన్నాడు చివరికి, ఎవరో పోయిన కబురు విన్నట్టు.

"అయితే ఇక్కడికే."

మామూలు దారి జగ్గంపేట మీదుగా వెళ్తుంది. జగ్గంపేటలో పేర్రాజు అక్కగారు రత్నమాల ఉంది. ఆ గింజ కూడా ఆయనే పెట్టాడు. హైమవతి వేలు జగ్గంపేట దాకా వెళ్ళకుండా ఎర్రవరం దగ్గర కుడికి తిరిగి, ఏలేశ్వరం, అడ్డతీగల మీదుగా కొండల్లోకి ఎక్కింది. చుట్టవుతుందన్నాడు ఆయన. అవనీండి అంది. లహరి అక్కడికక్కడే గది మాట్లాడింది. గింజలన్నీ గిన్నెలోకి ఎత్తి ఆ పూట కూర వండారు.

శనివారం తెల్లవారుతుండగా బయల్దేరారు. లహరి స్నేహితురాళ్ళ దగ్గర ఉండిపోయింది. పిఠాపురం దాటుతున్నప్పుడు పేర్రాజు కిటికీ అద్దాలు పైకెత్తి, మెడ బిగించి, తిన్నగా ముందుకే చూస్తూ నడిపాడు. పాలు తెచ్చుకుంటున్న ఒక ముసలాయన కారువైపు చూస్తే, తల కొంచెం కిందికి వంచాడు. హైమవతికి నవ్వు వచ్చింది. చాలాకాలానికి ఆవిడ నవ్వడం విన్నాను.

ఎర్రవరం దగ్గర టీ తాగుదామని కారు ఆపాడు. టీ తాగారు. తాగాక కూడా ఆయన కారు తియ్యలేదు. స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు.

"మొన్న అక్కకి ఫోన్ చేశాను" అన్నాడు.

హైమవతి ఆయన వైపు తిరిగింది.

"ఇంత దగ్గరగా వెళ్తూ చెప్పకపోతే బాగోదని. రావట్లేదనే చెప్పాను, హైమా. అక్క మనిద్దరికీ బట్టలు కొనేసిందట. పీటల మీద కూర్చోబెట్టి, బట్టలు పెట్టి, భోజనం పెట్టి పంపించేస్తానంది. మధ్యాహ్నానికల్లా బయల్దేరిపోదాం."

"ఎంతమంది వస్తున్నారు?"

"ఎవరూ లేరు, మనవాళ్ళే." కాసేపాగి, "పెద్దాపురం వాళ్ళు కూడా వస్తారట" అన్నాడు. ఆయన గొంతు తగ్గింది. "అమ్మ పోయినప్పుడు వాళ్ళంతా పన్లు మానుకుని వచ్చారు. నా పక్కన కూర్చున్నారు. ఇప్పుడు గుమ్మం ముందునుంచి దాటిపోతే నేనేం మనిషిని?"

ఆయన అన్నది అబద్ధం కాదు. హైమవతికి కూడా అది తెలుసు. అందుకే ఆవిడకి కోపం రాలేదనుకుంటాను. కోపం వచ్చి ఉంటే ఆవిడ కారులోనే ఉండిపోయేది.

"మీరు వెళ్ళండి. వదినగారు అంత సిద్ధం చేశాక వెళ్ళాలి. నేను బస్సులో వెళ్తాను."

"నేనొక్కణ్ణీ వెళ్తే నువ్వేదని అడగరూ? ఏం చెప్పను?"

"హైమ నిద్రపోవడానికి వెళ్ళిందని చెప్పండి."

ఆయన అది హాస్యమనుకున్నాడు. ఆవిడ డాష్‌బోర్డు అర తెరిచి నన్ను తీసుకునేదాకా అలాగే అనుకున్నాడు. వెనకసీట్లోంచి చేతిసంచీ తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని దిగింది. ఏలేశ్వరం వైపు వెళ్ళే బస్సు వస్తే చెయ్యెత్తింది. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే పేర్రాజు కారు పక్కన నిలబడే ఉన్నాడు. చేతిలో ఆయన టీగ్లాసు, ఆవిడ టీగ్లాసు.

బస్సులో ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఊరు దాటినప్పుడల్లా వేలు జరిపింది. దారి కోసం నన్ను చూసిన మొదటి మనిషి ఆవిడే. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఎవరింటికమ్మా?" అని మర్యాదకి అడిగాడు.

"ఎవరింటికీ కాదు" అంది హైమవతి. కండక్టరు కొంచెం జాలిగా చూసి ముందుకి వెళ్ళాడు.

రంపచోడవరంలో బస్సు మారి, కొండదారి ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఆ గది చేరాం. వెదురు పొదల మధ్య చిన్న గది, మంచం, కుర్చీ, తెర లేని కిటికీ. గది చూసేవాడు భోజనం తెమ్మంటారా అని అడిగితే తరవాత చెప్తానంది. నన్ను కుర్చీ మీద పడేసి, చెప్పులు విడిచి, కట్టుకున్న చీరతోనే పడుకుంది. ఒకసారి "వస్తున్నా" అని లేవబోయింది. గది చూసి, మళ్ళీ పడుకుంది.

పేర్రాజు సాయంత్రం వచ్చాడు. తలుపు తట్టలేదు. కిటికీలోంచి తొంగిచూసి, వరండాలో మెట్టు మీద కూర్చున్నాడు. పొద్దు వాలాక హైమవతి లేచి తలుపు తీస్తే, బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉన్నాడు. భోజనం చేశారా అని అడిగింది. చేశానన్నాడు. పీట మీద ఒక్కణ్ణే కూర్చోబెట్టి, పక్కన ఖాళీ పీట మీద చీర పెట్టారని చెప్పాడు. అందరూ తలో మాటా అన్నారట. పెద్దాపురం బాబాయి అయితే, మీకేమైనా గొడవా అని చెవిలో అడిగాడట.

"ఏం చెప్పారు?"

"నువ్వు చెప్పమన్నదే చెప్పాను. నిద్రపోవడానికి వెళ్ళిందన్నాను. అందరూ నవ్వారు."

"వదినగారు కూడానా?"



"అక్క నవ్వలేదు. అందరి భోజనాలూ అయ్యాక నన్ను వసారాలోకి పిలిచింది. అక్కడ పడుకుంటే ఎవరూ లేపరా అని అడిగింది. నాకు తెలీదన్నాను." బట్టల సంచీ చెవులు సరిచేశాడు. "పాతికేళ్ళు ఇంట్లో ఉన్నదాన్నే కనుక్కోలేదు, అక్క సంగతి నాకేం తెలుస్తుంది?"

హైమవతి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆ రాత్రి బొంగు చికెన్ తెప్పించుకుని తిన్నారు. ఉప్పు తక్కువైందన్నాడు ఆయన. తనే వెళ్ళి తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. పెళ్ళిరోజు శుభాకాంక్షలు. పేర్రాజు రెండు ఫోన్లూ పట్టుకుని వెదురుపొదల దాకా నడిచి, ఒక్కొక్కరికీ, పడుకుంది, లేచాక చేయిస్తాను అని చెప్పుకుంటూ వచ్చాడు. తిరిగి గదిలోకి వచ్చేసరికి ఎండ కిటికీలోంచి హైమవతి మొహం మీదికి పాకుతోంది. ఆవిడ కనురెప్పలు కదిలాయి. ఆయన గది అంతా వెతికి, ఏమీ దొరక్క, కుర్చీ మీది నన్ను విప్పాడు. కిటికీ ఊచల్లోకి నా అంచులు దోపి, జారకుండా కింద రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో చెయ్యి మార్చుకున్నాడు.

సోమవారం వాళ్ళు వెళ్ళిపోయారు. నన్ను ఊచల్లోనే వదిలేశారు. మరిచిపోయారో, ఉండనిచ్చారో చెప్పలేను. గది చూసేవాడు తెర కొనే పని తప్పిందని నాకు నాలుగు పక్కలా మేకులు కొట్టాడు.

ఎండ వెనకనుంచి పడుతుంది. ఎరుపు ముందు వెలిసింది, ఇప్పుడు పసుపు వెలుస్తోంది. ఊళ్ళ పేర్లు చదవాలంటే దగ్గరికి రావాలి. ఎవరూ రారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు తలుపు వేసుకుని, చెప్పులు విడిచి, చాలావరకు అటు తిరిగి పడుకుంటారు. నేను పొద్దుటి ఎండని ఆపుతాను.