పద్నాలుగు వందల మీటర్లు

సోల్‌ఫ్రిడ్ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు చేప వడల ఫ్యాక్టరీలో పిండి కలిపింది. ఏ చేపకు ఎంత ఉప్పు పడుతుందో, ఎంత జాజికాయ వేయాలో ఆమెకు తెలిసినట్టు యజమాని ఓడ్వార్‌కు కూడా తెలియదు.

పోయిన సెప్టెంబరులో ఓడ్వార్ ఫ్యాక్టరీని ఎత్తి అవతలి ఒడ్డుకు పట్టుకుపోయాడు. అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు పాత పడవల షెడ్డు ఊరికే ఇస్తామన్నారట. మా నెస్‌విక్‌కూ ఆ హౌగ్‌స్ట్రాండ్‌కూ మధ్య సముద్రపు పాయ ఒకటే అడ్డం. ఒకప్పుడు దాని మీద ఫెర్రీ నడిచేది. అందులో టిక్కెట్లు కొట్టింది నేనే. రెండేళ్ళ క్రితం దాన్ని ఆపేశారు. ఇప్పుడు అవతలికి పోవాలంటే కొండదారిలో పాయ చుట్టూ తిరిగి మూడు గంటల ఇరవై నిమిషాలు.

"నీకేం సోల్‌ఫ్రిడ్, వంటింటి కిటికీలోంచి చూస్తే నేను కనిపిస్తూనే ఉంటాను," అన్నాడు ఓడ్వార్, సామాను లారీకెక్కిస్తూ.

"చంద్రుడూ కనిపిస్తాడు. రోజూ డ్యూటీకి అక్కడికి వెళ్ళమంటావా?" అంది సోల్‌ఫ్రిడ్.

ఉద్యోగం మానేసి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టింది. మూడు వారాలకు జవాబొచ్చింది. 'మీరు మీ ఇష్టప్రకారం ఉద్యోగం వదులుకున్నారు. కొత్త పనిస్థలం మీ ఇంటికి పద్నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. ఇది నడిచి వెళ్ళగల దూరం. కనుక భృతికి మీరు అర్హులు కారు.'

ఆ కాగితం పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. నా బల్ల దగ్గరే కూర్చుని భృతి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎస్కిల్ అనే కుర్ర అధికారి ఎత్తాడు. మంచి మర్యాదస్తుడు.

"మా కంప్యూటర్ మ్యాపులో కొలుస్తుందండీ. పద్నాలుగు వందలే చూపిస్తోంది."

"మధ్యలో సముద్రం ఉంది బాబూ."

"ఉండొచ్చండీ. మీ దరఖాస్తులో ఆ సంగతి రాయలేదు."

"సముద్రం ఉందా లేదా అని మీరు అడిగితే కదా రాయడానికి."

"'ఇతర వివరాలు' అని గడి ఉంది చూడండి. అక్కడ రాయాల్సింది."

"సరే, ఇప్పుడు రాస్తాను."

"రాస్తే చాలదండీ. ఆధారం జతచేయాలి. అక్కడ నీళ్ళున్నట్టు ఎవరైనా అధికారికంగా ధ్రువీకరించాలి."

మర్నాడు ఇద్దరం రేవు అధికారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చాలాసేపు మా మొహాలు చూసి, తర్వాత కిటికీలోంచి చూసి, 'ఇక్కడ నీళ్ళున్నవి. చాలాకాలంగా ఉన్నవి' అని రాసి ముద్ర వేశాడు.

ఆఫీసు వాళ్ళు నీళ్ళను ఒప్పుకున్నారు. అయితే నీళ్ళ మీదుగా పనికి వెళ్ళడం అసాధ్యమని ఇంకా రుజువు కాలేదన్నారు. వారం రోజులు ప్రయత్నించి, ఏ రోజుకారోజు నివేదిక రాసి పంపమన్నారు.

నా దగ్గర తెడ్ల పడవ ఒకటుంది. సోమవారం పొద్దున సోల్‌ఫ్రిడ్ అందులో బయల్దేరింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై నిమిషాల్లో అవతలికి చేరింది. ఓడ్వార్ కాఫీ పోసి ఇచ్చి, ఏప్రాన్ అందించాడట.

"ఎలాగూ వచ్చావు కదా, ఆ పిండి సంగతి చూడు."

"నేను పనికి రాలేదు ఓడ్వార్. పనికి రాలేనని రుజువు చేయడానికి వచ్చాను."

కాఫీ తాగి వెనక్కి వచ్చేసింది.

మంగళవారం గంటంబావు పట్టింది. బుధవారం ఉత్తరపు గాలి ఎత్తుకుంది. నేను ఒడ్డున నిలబడి చూస్తుండగానే పడవ చిన్నదై, చుక్కై, మాయమైంది. పాయ మొదట్లో సాల్మన్ చేపల్ని పెంచే తొట్ల దగ్గర పనివాళ్ళు ఆమె పడవను కొక్కెంతో లాగి ఒడ్డుకు చేర్చారు. వాళ్ళ వ్యానులో ఇంటికొచ్చేసరికి అరచేతుల నిండా బొబ్బలు.

నేను గుడ్డ కడుతుంటే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నెప్పి కాదు లైదుల్ఫ్. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. ఇప్పుడు నేను బద్ధకంతో అబద్ధాలాడుతున్నానని అనుకుంటున్నారు. అదీ."

కళ్ళు తుడుచుకోవడానికి గుడ్డ కట్టిన చెయ్యి అడ్డమొచ్చింది. నేను స్టవ్ మీద కాఫీ చూసే మిషతో అటు తిరిగాను.

ఆ మూడు రోజుల నివేదిక అందాక ఎస్కిల్ ఫోన్ చేశాడు.

"బుధవారం మీకు రెండుసార్లు చేశామండీ. మీరు ఎత్తలేదు. నిరుద్యోగులు పగటిపూట అందుబాటులో ఉండాలి."

"సముద్రంలో ఉన్నాను."

"ఫోన్ వెంట లేదా?"

"ఉంది. రెండు చేతుల్లో తెడ్లు కూడా ఉన్నాయి."

అతను గొంతు తగ్గించి, "అప్పీలు వేయండి. నేను చెప్పానని చెప్పకండి," అన్నాడు.

అప్పీలు వేసింది. ముగ్గురు సభ్యుల సంఘం స్వయంగా వచ్చి విచారిస్తుందని ఉత్తరం వచ్చింది. మార్చి పన్నెండు, ఉదయం పది గంటలకు, హౌగ్‌స్ట్రాండ్‌లోని ఫ్యాక్టరీలో. దరఖాస్తుదారు సమయానికి హాజరు కాకపోతే అప్పీలు కొట్టేస్తారు.

ఇద్దరం ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాం.

"వెళ్తే, వెళ్ళగలనని రుజువవుతుంది," అంది సోల్‌ఫ్రిడ్.

"వెళ్ళకపోతే కొట్టేస్తారు."

"ఓడిపోయేదేదో ఇంట్లోనే కూర్చుని ఓడిపోతాను."

మార్చి పన్నెండున వానా మంచూ కలిసి పడుతోంది. నేను పాత ఫెర్రీ రేవులో పడవలో చేరిన నీళ్ళు తోడుతున్నాను. తొమ్మిదిన్నరకు ఒక కారు వచ్చి సరిగ్గా నీళ్ళ అంచున ఆగింది. ముగ్గురు దిగారు. ఫైలు చంకన పెట్టుకున్నావిడ టోరున్, ఆ సంఘానికి అధ్యక్షురాలు.

"ఫెర్రీ ఎన్నింటికండీ?"

"వెళ్ళి రెండేళ్ళయింది."

ఆవిడ ఫోన్‌లో మ్యాపు చూపించింది. నీళ్ళ మీద ఫెర్రీ దారి గీత ఇంకా అలాగే ఉంది. చుట్టూ తిరిగితే ఒంటిగంటకు చేరతారని చెప్పాను. తొందరైతే నా పడవ ఉందన్నాను. ముగ్గురూ పడవ వైపు చూశారు. తర్వాత పాయ వైపు చూశారు. వాళ్ళలో పొడుగాయన పళ్ళు టకటకలాడుతుంటే, దగ్గర్లో ఎక్కడైనా బాత్‌రూమ్ ఉందా అని అడిగాడు. సోల్‌ఫ్రిడ్ ఇల్లు చూపించాను.

ఎవరింటికి వచ్చామో వాళ్ళకు గుమ్మంలో తెలిసింది. కేసు గురించి ఇక్కడ మాట్లాడకూడదని టోరున్ ముందే చెప్పేసింది, ఇది విచారణ స్థలం కాదు కాబట్టి. సోల్‌ఫ్రిడ్ సరేనని పెనం పెట్టింది. అందరం బల్ల చుట్టూ కూర్చుని చేప వడలూ ఉడికించిన బంగాళాదుంపలూ తిన్నాం. పొడుగాయన మూడోసారి వడ్డించుకుంటుండగా ఓడ్వార్ ఫోన్ చేశాడు. కుర్చీలు వేసి, బిస్కెట్లు పెట్టి, ఎదురుచూస్తున్నాడట.

"వాళ్ళింకా రాలేదేం?"

"నా వంటింట్లో ఉన్నారు. అటు నుంచి చూడు, కనిపిస్తారేమో," అంది సోల్‌ఫ్రిడ్.

టోరున్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. సంఘం సభ్యులెవరూ విచారణ స్థలానికి చేరలేకపోయినందున విచారణ జరగలేదు. అక్కడికి చేరడం సాధ్యమా కాదా అన్నది తేలలేదు. తేలేదాకా దరఖాస్తుదారుకు భృతి చెల్లించాలి. నిబంధనల ప్రకారం తదుపరి విచారణ కూడా అక్కడే జరపాలి. దానికి మాత్రం సభ్యులెవరూ తేదీ ఖాయం చేయలేదు. ఇప్పటికీ చేయలేదు.

భృతి ఆమె ఎక్కువకాలం తీసుకోలేదు. జూన్‌లో మా ఒడ్డునే ఉన్న వృద్ధాశ్రమంలో వంటమనిషి కావాలన్నారు. వెళ్ళి అడిగింది, తీసుకున్నారు. మొదటి రోజు అరగంట ముందే వెళ్ళి, వంటగది తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుందట. మధ్యాహ్నం గూడ్‌లైక్ అనే తొంభై ఏళ్ళాయన ఖాళీ ప్లేటు లోపలికి పంపించి, ఇది వండినవాళ్ళు రేపు కూడా వస్తారా అని అడిగించాడు.

వస్తానని చెప్పమంది.