ఎడమ అంచున చుక్క

నేను ఒక మిగులు ముక్కను. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు ఉన్న ఉక్కు పట్టీని. నాతోపాటు ఒకే కడ్డీగా పుట్టినవన్నీ ఏనాడో ఉలులై, కత్తులై ఊరంతా చెదిరిపోయాయి. నేను మాత్రం ఏమీ కాకుండా ఒక బిస్కెట్ల డబ్బాలో చాలాకాలం పడి ఉన్నాను. ఏమీ కాకపోవడంలో ఒక సుఖం ఉంది. మనుషులు దాన్ని ఎక్కువ రోజులు భరించలేరు.

నన్ను కొన్నది సన్యాసిరావు. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి, సెలవుల్లో వడ్రంగి. అలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకొందరు ఉన్నారు. ఆదివారం పొద్దున్న పళ్ళ డాక్టరు ఫణీంద్ర ఇంటి కారు షెడ్డులో చేరి, మిగిలిన ఉక్కు ఇచ్చి టేకు ముక్కలు, టేకు ఇచ్చి ఉక్కు పుచ్చుకుంటారు. కడ్డీకి ఒక కొసన దుకాణంవాడు పూసిన రంగు ఉంటుంది. అది ఏ ఉక్కో, గట్టిపడాలంటే కాల్చాక నూనెలో ముంచాలో నీళ్ళలో ముంచాలో ఆ రంగే చెబుతుంది. అందుకని ఎవరు కోసినా రెండో వైపు నుంచే కోయాలి. అది వాళ్ళ నియమం. అలా కోస్తూ పోగా, రంగుతో మిగిలినదాన్ని నేను.

సన్యాసిరావు నన్ను చిత్రికకు, అంటే కొయ్యను తోసి నున్నగా చేసే పనిముట్టుకు, కత్తిగా చేయాలనుకున్నాడు. కొయ్య చెక్కి, సరిగ్గా నా కొలతకు నోరు కోశాడు. నాలో పదును రావలసిన కొసన, ఎడమ అంచుకు దగ్గరగా, మొనదేలిన ఉక్కు పంచ్ ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చుక్క పెట్టాడు. తన పనిముట్లన్నిటికీ అలాగే పెట్టేవాడు. "ఇదీ నాదే," అన్నాడు. ఆ దెబ్బ నా లోపలికి ఎంత దూరం దిగిందో అతను చూడలేదు. ఆ వారంలోనే అతని గుండె ఆగిపోయింది.

అతని భార్య సీతారత్నం చాలా నెలలు అతను వడ్రంగం చేసుకునే గది తలుపు తీయలేదు. తీసిన రోజు డబ్బాలోని ఉక్కంతా ముందేసుకుని, ఆయన గరుకు కాగితంతోనే ఒక్కొక్క ముక్కనూ తళతళలాడేలా రుద్దింది. నా కొసనున్న ఆకుపచ్చ రంగును మురికి అనుకుంది. ఎంతో ప్రేమగా రుద్దింది. నేనేమిటో నాకూ ఆ రంగును బట్టే తెలిసేది. అది పోయాక నేనెవరినో నాకే తెలియలేదు.

ఆదివారం ఆమె డబ్బానూ, చిత్రిక కొయ్యనూ పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"ఇదంతా మీరు పంచీసుకోండి డాక్టరు బాబూ. బదులుగా ఈ ఒక్క ముక్కనీ కత్తి చేసి ఇందులో పెట్టండి. ఆయన సగంలో వదిలీసింది ఇదొక్కటే."

ఫణీంద్ర నన్ను అటూ ఇటూ తిప్పాడు. "రంగేదీ వదినా?"

"మురికి కదా అని రుద్దీసేను."

ఫణీంద్ర నన్ను తిప్పడం ఆపేశాడు. ఆ ఆదివారాల జట్టులోని లెక్చరర్ అప్పలాచార్యులే తేరుకుని, "అన్నయ్య ఉంటే మిమ్మల్నేటీ అనీవోడు కాదు. మీకు నేర్పలేదేటని మమ్మల్ని తిట్టీవోడు," అన్నాడు.

"పాడైపోయిందా?"

"పాడేటీ కాదు," అన్నాడు ఫణీంద్ర. "తప్పుగా ముంచితే మాత్రం పగిలిపోద్ది. ఈ కొలతకి ఇంకో ముక్క లేదు."

"పగలకూడదు," అంది ఆమె.

"నూనెలోనే వేద్దాం. నీళ్ళ ఉక్కయితే మెత్తగా ఉండిపోద్ది, మళ్ళీ కాల్చుకోవచ్చు. పగలడమైతే పగలదు."

ఫణీంద్ర అంచుకు ఏటవాలు తీసి, నన్ను ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. బుసలు అందరూ విన్నారు. వాటి అడుగున 'టిక్' మన్న చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను. చుక్క దగ్గర వెంట్రుకంత చీలిక. ఆకురాయితో గీరితే జారిపోయింది, గట్టిపడ్డానని సంబరపడ్డారు. నూరి, కొయ్యలో బిగించి ఆమె చేతికిచ్చారు.

ఆమె ఒక టేకు పలక మీద నన్ను తోసింది. పొట్టు చుట్టలు చుట్టుకుని లేచింది. పలకను వేలితో నిమిరి, ఆగిపోయింది. ఎడమ వైపున సన్నటి గీత, దారంలా పైకి లేచి ఉంది.

"అయ్యో, కత్తి అంచున పన్ను ఊడింది, అక్కడ కొయ్య తెగలేదు," అన్నాడు ఫణీంద్ర.

"నీ చెయ్యి పడ్డాక పన్ను మిగులుద్దేటి?" అన్నాడు అప్పలాచార్యులు.

ఆమె నవ్వలేదు. "మా వంటింటి అలమారకీ ఇదే గీత. పీటలకీ ఇదే. ఇదే చోట. తుడిస్తే వేలికి తగిలీది. చెప్తే, 'ఎక్కడే? నాకు కనబడదేం?' అని కసిరీవారు."

అతని కత్తులన్నీ చుక్క దగ్గరే చీలాయన్నమాట. నాదీ నాదీ అంటూ అతను కొట్టిన ప్రతి దెబ్బా అతని పలకల మీద గీతగా తేలింది. అతనికి మాత్రం కనబడలేదు.

"ఇటివ్వండి వదినా, అరగదీసి సరిచేస్తాను."

ఆమె నన్ను గుండెకు హత్తుకుంది. "ముట్టుకోకండి."

ఇప్పుడు నేను ఆమె వంటింట్లో ఉంటున్నాను. ఆమె ఏ వస్తువూ చేయదు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, అదే పలక మీద నన్ను ఒకసారి తోసి, కళ్ళు మూసుకుని నిమురుతుంది. పలక రోజురోజుకూ పలచబడుతోంది. నాలోని చీలిక కూడా, తోసినప్పుడల్లా, ఇంకాస్త పైకి పాకుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. పలక ముందు అయిపోతుందో, నేను ముందు రెండవుతానో నాకు తెలియదు. కోస్తున్నది నేనో, నాలో దిగిన ఆ దెబ్బో కూడా తెలియదు.

వేలు గీత మీద ఆగినప్పుడు ఆమె గొంతు బొంగురుపోతుంది, మొగగొంతులా.

"ఎక్కడే?" అంటుంది కసురుతూ.

మళ్ళీ తన గొంతుతోనే జవాబిస్తుంది.

"ఇక్కడేనండీ."